అద్దె గంటం

మా అమ్మకు ఈమధ్య ఒక కోరిక పుట్టింది. డెబ్భై అయిదేళ్ళ మనిషికి కోరిక పుట్టిందంటే కాశీయో రామేశ్వరమో అయివుంటుందనుకుంటారు ఎవరైనా. నేనూ అలాగే అనుకున్నాను. సెలవు చీటీ చూసి మా ప్రిన్సిపాలుగారు ఎలా మొహం పెడతారో కూడా వూహించుకున్నాను. తీరా ఆవిడ అడిగింది అది కాదు.

"ఒరే నాయనా, మీ నాన్నగారి పుస్తకం మళ్ళీ అచ్చు వేయించరా. నాకు చూపు ఆనుతుండగానే వేయించు" అన్నది.

"ఓస్, ఇంతే గదా!" అన్నాను.

తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని, ఇరవయ్యేళ్ళకు పైగా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. ఒకసారి అచ్చయిన పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయించడం కూడా ఒక లెక్కా అనుకున్నాను. ఆ "ఓస్" అన్న మాటను వెనక్కు తీసుకోవడానికి నాకు సరిగ్గా వారం రోజులు పట్టింది.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మా నాన్నగారు తెనాలి చుట్టుపక్కల హైస్కూళ్ళలో తెలుగు పండితులుగా పనిచేశారు. బడి వదలగానే ఇంటికి రాకుండా పొలాల గట్లమీద పడి తిరగడం ఆయనకు అలవాటు. ఎవరైనా రైతు కనిపిస్తే పలకరించి, నాగలిలో ఏ కర్రను ఏమంటారు, మేడి ఏది, నొగ ఏది, పలుపు తాడుకూ పగ్గానికీ తేడా ఏమిటి అని అడిగి చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవారు. ట్రాక్టర్లు వచ్చి నాగళ్ళు అటకెక్కాయి. అటకలు పోయి డాబాలు వచ్చాయి. ఆ మాటలు మాత్రం ఆయన పుస్తకంలో మిగిలాయి. 2004లో ఆ మాటలన్నీ అకారాది క్రమంలో పేర్చి, స్వంత డబ్బుతో అయిదు వందల ప్రతులు వేయించారు. కొన్ని అమ్మారు, చాలా పంచారు. ఆయన పోయిన తరవాత ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ప్రతి. దాని అంచుల నిండా ఆయన చేతిరాతతో దిద్దుబాట్లు. ఆ ప్రతి మా అమ్మ తలగడ కింద వుంటుంది.

పుస్తకాన్ని ఆ రోజుల్లో కంపోజు చేసినాయన ఇప్పటికీ మా వీధి చివరనే వున్నాడు. మేమంతా ఆయన్ను "అక్షరాలాయన" అనే పిలుస్తాం. అసలు పేరు పోస్టుమానుకు కూడా గుర్తు వుండదు కాబోలు. సీసపు అక్షరాలు పేర్చడంతో బ్రతుకు మొదలుపెట్టి, తరవాత కంప్యూటరు నేర్చుకుని, డి.టి.పి. సెంటరు పెట్టుకున్నాడు. శుభలేఖలు, కరపత్రాలు, కవుల పుస్తకాలు - ఆ సందులోకి వచ్చిన ప్రతి తెలుగు మాటా ఆయన వేళ్ళ మీదుగానే పోయేది. నేను వెళ్ళి సంగతి చెప్పగానే బీరువా తెరిచి, దుమ్ము తుడిచి, ఒక సీడీ చేతిలో పెట్టాడు.

"పండితులుగారి పని గదండీ. పారేస్తానా?" అన్నాడు.

ఆ సీడీని పట్టుకుని విజయగర్వంతో ఇంటికి వచ్చాను. మా అమ్మాయి హైదరాబాదులో డిజైను చదువుతున్నది. సెలవులకు వచ్చివుంది. దాని కంప్యూటరుకు సీడీ పెట్టే చోటే లేదట. ఎవరినో బతిమాలి ఒక పరికరం తెచ్చుకుని, ఫైలు బయటికి లాగేసరికి సాయంత్రమయింది. తీరా లాగితే అది తెరుచుకోదు. ఆ ఫైలును తయారుచేసిన సాఫ్ట్‌వేరు కొత్త కంప్యూటర్లలో నడవదు. ఏదో తంటాలు పడి లోపలి అక్షరాలను మాత్రం బయటికి తీసింది. చూద్దును గదా, తెలుగు మాట ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు, డాలరు గుర్తులు. మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు గట్ల వెంట తిరిగి పోగుచేసిన మాటలు చీమలు తొక్కిన పిండిలా కనిపించాయి.

మా అమ్మ వెనకనుంచి తొంగిచూసి, "ఇదేం భాషరా?" అన్నది.

"నాన్నగారి పుస్తకమేనమ్మా" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళి దీపం పెట్టుకుంది.

ఎందుకిలా అయిందో ఆ రాత్రి మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. ఆనాటి డి.టి.పి. ఫాంట్లలో తెలుగు అక్షరాలకు స్వంత ఇల్లు లేదట. ఇంగ్లీషు అక్షరాలు వుండవలసిన గదుల్లోనే మన అకార ఇకారాలను, గుడులను, కొమ్ములను, ఒత్తులను సర్దుకున్నారు. కంప్యూటరు లెక్కలో అది ఇంగ్లీషు అక్షరమే. పైకి వేసిన వేషం మాత్రం తెలుగు. ఆ ఫాంటు వున్న యంత్రంలో వేషం నిలుస్తుంది. అది లేని చోట రంగు వెలిసిపోయి అసలు మొహం బయటపడుతుంది. 1991లో వచ్చిన యూనికోడులో తెలుగుకు 128 గదులున్న స్వంత ఇల్లు కట్టారు. అయితే అచ్చు పని చేసేవాళ్ళ సాఫ్ట్‌వేర్లు చాలాకాలం ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. అందుచేత మనవాళ్ళు పాత అద్దె గదుల్లోనే కాపరం సాగించారు.

"మరి ఆ సాఫ్ట్‌వేరు కొనివుంటే కంపెనీవాళ్ళే ఏదో దారి చూపేవాళ్ళు గదా?" అన్నాను.

"కొన్నారా నాన్నా, ఎవరైనా?" అంది మా అమ్మాయి.

ఇక్కడ నేను కాస్త తల వంచుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో మా వీధిలో ఎవరూ దానికి పైసా ఇచ్చి ఎరగరు. ఒకరి దగ్గర వున్న సీడీ పదిమందికీ తిరిగేది, పక్కింటి కాఫీపొడి గిన్నెలాగా. అది దొంగతనమన్న వూహ కూడా మాకెవరికీ తట్టలేదు. పిల్లలకు సంధులూ సమాసాలతోపాటు నీతులు కూడా బోధించే నాకే తట్టలేదు. తప్పు మాదే. అయితే దీనిలో ఇంకో తమాషా వుంది. వేల రూపాయల వస్తువు ఉచితంగా చేతికి వస్తుంటే, వందల రూపాయలకు నిజాయితీగా అమ్మే చిన్న కంపెనీ సరుకు ఎవడు కొంటాడు? దొంగ ప్రతుల వల్ల పెద్దవాడికి పోయిన నష్టం కంటె, మొలకెత్తకుండానే చచ్చిన చిన్నవాళ్ళ నష్టం ఎక్కువేమోనని నాకు అనుమానం. వూరంతా ఒక్క పనిముట్టే నేర్చుకుంది. నేర్చుకున్నవాడు ఇంకొకడికి అదే నేర్పాడు. పెద్దవాడి పెత్తనానికి మేం కూడా ఉడతాభక్తిగా రాళ్ళు మోశాం.

ఆ తరవాత నెల రోజులపాటు రాత్రిళ్ళు ఈ సాఫ్ట్‌వేర్ల చరిత్ర చదివాను. ప్రబంధాలు చదువుకున్నవాణ్ణి గనుక వంశక్రమాలూ, రాజ్యాలు కూలడాలూ నాకు కొత్త కాదు. అయినా ఇంత త్వరగా రాజ్యాలు చేతులు మారడం నేను విజయనగర చరిత్రలో కూడా చూడలేదు.

పుస్తకాల పేజీలను కంప్యూటరు తెరమీదనే కూర్చే పని 1985లో పేజ్‌మేకర్‌తో ప్రాచుర్యంలోకి వచ్చింది. సియాటిల్‌లో పాల్ బ్రెయినర్డ్ అనే ఆయన పెట్టిన ఆల్డస్ కంపెనీ దాన్ని తయారుచేసింది. వెల 495 డాలర్లు. కంపెనీకి ఆ పేరు వెనిస్ నగరంలో అయిదు వందల ఏళ్ళ క్రితం అచ్చుకూటం నడిపిన ఆల్డస్ మనూటియస్‌ను తలుచుకుని పెట్టారు. చేతిలో పట్టే చిన్న పుస్తకాలనూ, వాలు అక్షరాలనూ లోకానికి అలవాటు చేసిన మహానుభావుడాయన. ఆయన పుస్తకాలను ఫ్రాన్సులోని లియాన్ నగరపు ముద్రాపకులు యథేచ్ఛగా దొంగ అచ్చు వేసుకునేవాళ్ళు. ఒళ్ళు మండి ఆయన 1503లో ఒక ప్రకటన వేశాడు - దొంగ ప్రతుల్లో ఫలానా ఫలానా అచ్చుతప్పులుంటాయి, చూసుకుని కొనండి అని. లియాన్‌వాళ్ళు ఆ జాబితా చూసి తమ తప్పులు దిద్దుకున్నారట! మా వీధిలో తిరిగిన సీడీకి అంత పాత వంశవృక్షం వున్నదని తెలిసి నాకు కొంచెం వూరట కలిగిందంటే మీరు నన్ను తప్పు పట్టకూడదు.

ఇక రెండో రాజ్యం అడోబీది. 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనే ఇద్దరు స్నేహితులు, తాము కనిపెట్టిన దాన్ని జిరాక్స్ కంపెనీ బజారులో పెట్టడం లేదని విసిగి బయటికి వచ్చి స్వంత కంపెనీ పెట్టుకున్నారు. వార్నాక్ ఇంటి వెనక పారే వాగు పేరే దానికి పెట్టారు. తెరమీద గీసిన గీతను ప్రింటరు అచ్చంగా కాగితంమీద గీసేటట్టు చెప్పే భాష - పోస్ట్‌స్క్రిప్ట్ - వాళ్ళ మొదటి విజయం. 1987లో బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ తెచ్చారు. 1990లో థామస్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు రాసిన ఫోటోషాప్‌ను బజారుకు తెచ్చారు. ఆ ఫోటోషాప్ ఎంత వ్యాపించిందంటే ఇప్పుడు అది ఒక క్రియాపదమే అయి కూర్చుంది. "కాస్త ఫోటోషాప్ చెయ్యండి" అని మా బంధువొకాయన సంబంధాలకు పంపే ఫోటో ఇచ్చి అడగడం నేను స్వయంగా విన్నాను.

మూడోవాడు డెన్వరు నగరంలో వెలిసిన క్వార్క్. 1987లో వచ్చిన వాళ్ళ క్వార్క్ ఎక్స్‌ప్రెస్, తొంభైల నాటికి అమెరికా, యూరపు పత్రికాలయాలన్నింటినీ వశం చేసుకుంది. 1998లో క్వార్క్‌వాళ్ళు ఏకంగా అడోబీనే కొనేస్తామని బేరం పెట్టారు. అడోబీ ఒప్పుకోలేదు సరికదా, మరుసటి ఏడాది ఇన్‌డిజైన్ అనే కొత్త పహిల్వానును బరిలోకి దించింది. ఆపిల్ కంప్యూటర్లకు కొత్త వ్యవస్థ వచ్చినప్పుడు ఇన్‌డిజైన్ 2002లోనే అక్కడికి చేరింది. క్వార్క్ 2003 దాకా చేరలేదు. అంతే, తాడి తన్నేవాడి తల తన్నేవాడు వచ్చాడు. కొనబోయినవాడు వెనకబడ్డాడు. అమ్ముడుపోవలసినవాడు సింహాసనమెక్కాడు. అడోబీ ఆ స్థానాన్ని ఎవరి దగ్గరా అప్పనంగా తెచ్చుకోలేదనీ, పోటీపడి గెలుచుకున్నదనీ ఇక్కడ మనం ఒప్పుకోవాలి.

కాని, గెలిచినవాడు కొనడం మొదలుపెడితే కథ వేరే దారి పడుతుంది. 1994లో అడోబీ ఆల్డస్‌ను కలుపుకుంది. ఆల్డస్ అమ్ముతున్న బొమ్మల సాఫ్ట్‌వేరు ఫ్రీహ్యాండ్, ఇలస్ట్రేటర్‌కు గట్టి పోటీ. రెండూ ఒక్క చేతిలో వుండరాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుబట్టి, ఫ్రీహ్యాండ్‌ను దాన్ని తయారుచేసిన ఆల్ట్‌సిస్ కంపెనీకి తిరిగి ఇప్పించింది. మరుసటి ఏడాది ఆల్ట్‌సిస్‌ను మాక్రోమీడియా కొన్నది. 2005లో ఆ మాక్రోమీడియానే అడోబీ 340 కోట్ల డాలర్లకు కొన్నది. శకుంతల ఉంగరంలాగా, పోగొట్టుకున్నది పదకొండేళ్ళకు మళ్ళీ చేతికి వచ్చింది. కథలో ఉంగరం దొరికితే శుభం. ఇక్కడ మాత్రం 2007లో ఫ్రీహ్యాండ్‌ను ఇక పెంచబోమని చెప్పేశారు. దానితోనే బ్రతుకుతున్న చిత్రకారులు సంఘంగా ఏర్పడి 2011లో కోర్టుకు వెళ్ళారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. రాజీ కుదిరిందిగాని ఫ్రీహ్యాండ్ బ్రతకలేదు.

ఆ తరవాతి ఘట్టం అద్దె. 2012 నాటికి అడోబీవారి సరుకులన్నీ కలిసిన పెద్ద పెట్టె వెల 2,599 డాలర్లు. ఖరీదు ఎక్కువేగాని, ఒకసారి కొంటే అది మీ ఇంటి రోలు. 2013లో ఇకమీద కొత్తవి అమ్మబోమనీ, నెలనెలా అద్దె కట్టి వాడుకోవలసిందేననీ ప్రకటించారు. మొత్తం సెట్టుకు నెలకు దాదాపు యాభై డాలర్లు. మొదట్లో తక్కువగానే కనిపిస్తుంది. కొత్త హంగులన్నీ ఎప్పటికప్పుడు వచ్చి చేరతాయి, నిజమే. కాని రోలు అద్దెకు తెచ్చుకున్న ఇల్లాలికి అద్దె ఆగిన రోజున పచ్చడి కూడా ఆగుతుంది. ఆ అద్దెను మధ్యలో మానుకుంటే కట్టవలసిన రుసుమును సరిగా చెప్పడం లేదని 2024 జూన్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు కూడా వేసింది.

మర్రిచెట్టు నీడన గడ్డి మొలవదంటారు. అయినా అక్కడక్కడా మొలిచింది. ఇంగ్లండులో నాటింగ్‌హాం దగ్గర సెరిఫ్ అనే చిన్న కంపెనీ 2014లో అఫినిటీ డిజైనర్ తెచ్చి, అద్దె లేదు, ఒక్కసారి యాభై డాలర్లు ఇవ్వండి చాలు అన్నది. ఆస్ట్రేలియాలో మెలనీ పెర్కిన్స్, ఆవిడ స్నేహితులు 2013లో కాన్వాను మొదలుపెట్టి, బొమ్మలు గీయడం రానివాళ్ళు కూడా ఫోనులో ఆహ్వాన పత్రిక చేసుకునే సదుపాయం కల్పించారు. చివరకు 2024లో కాన్వా సెరిఫ్‌ను కొనేసింది. 2025 అక్టోబరులో అఫినిటీని ఉచితం చేసింది. ఉచితమంటే నాకు భయం. మా వీధి సీడీ కూడా ఉచితమే గదా!

ఇంకొక ఘట్టంతో చరిత్ర ముగిస్తాను. ఫిగ్మా అనే కొత్త కంపెనీని రెండు వేల కోట్ల డాలర్లకు కొంటామని 2022 సెప్టెంబరులో అడోబీ ప్రకటించింది. బ్రిటనులోనూ యూరపులోనూ పోటీని కాపాడే సంస్థలు ససేమిరా అన్నాయి. 2023 డిసెంబరులో బేరం రద్దయింది. బేరం తెగినందుకు ఒప్పందం ప్రకారం అడోబీ వంద కోట్ల డాలర్లు చెల్లించుకుంది. ఫిగ్మా 2025లో స్వంతంగా షేర్ల బజారుకెక్కింది. ఆ బేరాన్ని ప్రకటించినప్పుడు అడోబీకి అధిపతి శంతను నారాయణ్. హైదరాబాదులో తెలుగు కుటుంబంలో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదివి, 2007లో ఆ పదవికెక్కిన మనవాడు. ఆ సంగతి చదివినప్పుడు నా గుండె ఉప్పొంగింది. వెంటనే అక్షరాలాయన గుర్తుకొచ్చాడు. ఇద్దరూ తెలుగు వీధుల్లోనే పుట్టారు. ఒకడు గంటం అద్దెకిచ్చే కోటకు అధిపతి అయ్యాడు. రెండోవాడు ఆ వీధిలోనే వుండిపోయాడు. ఇద్దరిమీదా నాకు గౌరవమే.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. మా అమ్మాయి చదువుకు ఒక సాఫ్ట్‌వేరుకు నెలనెలా అద్దె కడుతున్నాను. ఈ చరిత్రంతా చదివిన ఆవేశంలో ఒకరోజు భోజనాల దగ్గర, "అది మానేసి ఉచితంగా దొరికేవాటితో పనిచేసుకోరాదూ?" అన్నాను.

"నాన్నా, మీరు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఎం.ఏ. పట్టా అడిగారా, లేక ఇంట్లో చదువుకున్నా చాలన్నారా?" అంది.

"పట్టా అడిగారు."

"ఇదీ అంతే. ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ ఆ సాఫ్ట్‌వేరు పేరే వుంటుంది. నాకు రాదంటే రెండో ప్రశ్న అడగరు."

మా ఆవిడ పులుసు వడ్డిస్తూ, "పిల్లదాని అన్నం దగ్గర మీ సిద్ధాంతాలెందుకు?" అన్నది. నా ఆవేశం చల్లారింది. పెత్తనమంటే వెల ఎక్కువ పెట్టడం మాత్రమే కాదని ఆ పూట నాకు బోధపడింది. బడి అదే నేర్పుతుంది, ఉద్యోగం అదే అడుగుతుంది, తోటివాడు అదే ఫైలు పంపుతాడు. ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టరు. అయినా బయటికి దారి కనిపించదు. అద్దె కడుతూనే వున్నాను.

అక్షరాలాయన సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన దగ్గరకు వెళ్ళి ఫైలు ఇలా అయిందని చెబితే ఆయన మొహం వాడిపోయింది. ఆయన కొట్టులో ఒక మూల పాత కంప్యూటరు వుంది. దానికి గుడ్డ కప్పి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటాడు. పాత సాఫ్ట్‌వేరు, పాత ఫాంట్లు దానిలోనే బ్రతికివున్నాయి.

"ఇది పోయిన రోజున నేనూ కొట్టు మూసేస్తానండి, మాస్టారూ. ఇప్పుడు శుభలేఖ పెళ్ళికొడుకే ఫోనులో చేసుకుంటున్నాడు. ఫ్లెక్సీలకు కుర్రాళ్ళున్నారు. సీసం పోయినప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. నేర్చుకున్నాను. ఇప్పుడు యాభై ఎనిమిది" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. వెంట వచ్చిన మా అమ్మాయి మాత్రం ఆ గుడ్డ తొలగించి చూస్తూ, "మామయ్యగారూ, దీనిలో తెరుచుకుంటుందేమో చూద్దామా?" అంది.

తెరుచుకుంది. ఇరవయ్యేళ్ళ తరవాత ఆ మసక తెరమీద మా నాన్నగారి ముందుమాట మొదటి పేజీ అచ్చంగా కనిపించింది. ఆయన పేరు కింద మా వూరి పేరు, తేదీ. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అక్షరాలాయన పక్కకు తిరిగి ఫాను వేశాడు.

అప్పుడు ముగ్గురం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. పాత యంత్రం నుంచి మాటలను యూనికోడులోకి మార్చాలి. మా అమ్మాయి మార్చే ఉపాయం వెతుకుతుంది. మార్పులో జారిపోయినవాటిని అక్షరాలాయన దిద్దుతాడు. ఆ పాత గదుల్లో ఏ ఒత్తు ఎక్కడ దాక్కుందో ఆయనకు కంఠస్థం. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఎన్నుకున్నాం. అది ఎవరో కొనేసి తాళం వేయగలిగిన సొత్తు కాదు. దాని లోపలి రాత అంతా బహిరంగం. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి దాన్ని పెంచుతున్నారు. అక్షరాలకు కూడా వెతుక్కోనక్కరలేకపోయింది. సూరన్న, పెద్దన, తిమ్మన, మండలి, రామభద్ర అన్న పేర్లతో చక్కని తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అష్టదిగ్గజాలు అక్షరాల రూపంలో మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

ఇంత మాత్రాన ఉచితమైనదంతా బంగారమని నేననను. స్క్రైబస్‌లో ఒక పని చేయడానికి మా అమ్మాయి మూడు రోజులు కష్టపడింది. "మా సాఫ్ట్‌వేరులో అయితే మూడు నిమిషాలు" అని రెండుసార్లు విసుక్కుంది. పెద్దవాడు వూరికే పెద్దవాడు కాలేదని అప్పుడు నాకు మళ్ళీ తెలిసివచ్చింది.

అసలు పని అక్షరాల దగ్గర పడింది. మార్చిన ప్రతిలో ఒత్తులన్నీ రాలిపోయాయి. పగ్గం "పగం" అయింది. గొర్రు "గొరు" అయింది. నాగలి కర్రు "కరు" అయింది. నేను పండితుణ్ణే గాని పైరు పెట్టినవాణ్ణి కాదు. నాలుగు మాటలు చూసేసరికి ఏది తప్పో ఏది ఒప్పో నాకే తెలియకుండా పోయింది. అప్పుడు మా అమ్మ రంగంలోకి దిగింది. తలగడ కింది ప్రతి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క మాటే చదువుతుంటే నేను దిద్దుతూ వచ్చాను.

"కళం కాదురా, కళ్ళం! కళ్ళంలో పడుకుని మీ నాన్న జ్వరం తెచ్చుకున్న సంగతి నీకు చెప్పలేదూ?" అనేది.

ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కథ. ఏతం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పుట్టింటి బావి, గూడ వేయడం దగ్గరికి వచ్చేసరికి ఎదురూబొదురూ నిలబడి నీళ్ళు తోడిన మా తాతగారూ మేనమామా. "ఇది మీ నాన్న పొరపాటు రాశారు. నేనప్పుడే చెప్పాను, వినలేదు" అని రెండు చోట్ల ఆయన్ను కూడా దిద్దింది. అంచుల్లో చూస్తే ఆ రెండింటినీ ఆయన తరవాత తన చేత్తోనే దిద్దుకుని వున్నారు. పక్కన పెన్సిలుతో చిన్నగా మా అమ్మ పేరు రాశారు. ఇన్నేళ్ళు తలగడ కింద పెట్టుకున్న మనిషి అది చూడలేదు. చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఫైలు సవ్యంగా తెరుచుకునివుంటే నేను దాన్ని తిన్నగా ప్రెస్సుకు పంపి, "ఓస్" అన్న మాట నిలబెట్టుకునేవాణ్ణి. ఆ రెండు పేర్లూ పెన్సిలు గీతల్లోనే మాసిపోయేవి. అలాగని తాళం పడడమే మంచిదయిందని చెప్పలేను. మా ఇంట్లో ఒక ప్రతి మిగిలింది, చదివి చెప్పే మనిషి మిగిలింది. ఆ రెండూ లేని ఇళ్ళు ఎన్ని వుంటాయో! ఈ ముప్ఫై ఏళ్ళలో మన వీధి చివరి కొట్లలో కూర్చిన కవిత్వాలూ, వూరి చరిత్రలూ ఎన్ని పాత సీడీల్లో ఆ డాలరు గుర్తులై పడివున్నాయో తలుచుకుంటే నిద్ర పట్టదు.

తాటాకుల కాలంలో గంటం వూళ్ళో కమ్మరి చేసి ఇచ్చేవాడు. ఆ కమ్మరి పోయినా, గంటం విరిగినా, ఆకు మీది అక్షరం మాత్రం చదువు వచ్చిన ప్రతివాడికీ కనిపించేది. పనిముట్టు ఎవరిదైనా కావచ్చు. అద్దెదైనా ఫరవాలేదు. రాసింది మాత్రం రాసినవాడి సొత్తుగా వుండాలి. అడోబీవారే 1993లో తెచ్చిన పి.డి.ఎఫ్. పద్ధతిని 2008లో అందరికీ చెందే అంతర్జాతీయ ప్రమాణంగా ఇచ్చేశారు. ఈనాడు ఎవరు చేసిన సాఫ్ట్‌వేరుతోనైనా దాన్ని తెరిచి చదవవచ్చు. 2004లో మా నాన్నగారి పుస్తకానికి అటువంటి నకలు ఒకటి తీసిపెట్టుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు. అంతటి పెద్ద కంపెనీ చేతిమీదుగా కూడా ఒక తలుపు తాళం లేకుండా తెరుచుకుందన్నమాట. మిగతా తలుపులు కూడా అలా తెరుచుకోవాలంటే ఎదురుగా ఇంకో కొట్టు వుండి తీరాలని నాకనిపిస్తుంది. బజారులో రెండు కొట్లున్నప్పుడే గదా కొట్టువాడు చిల్లర సరిగా ఇచ్చేది!

పుస్తకం పోయిన నెల అచ్చయి వచ్చింది. మూడు వందల ప్రతులు. కూర్పు చేసినవారు అన్న చోట అక్షరాలాయన అసలు పేరు, దాని కింద మా అమ్మాయి పేరు వేశాం. తన అసలు పేరు అచ్చులో చూసుకోవడం ఇదే మొదటిసారట. ఇన్ని వేల పేర్లు కూర్చిన మనిషికి! ఆయన ఇప్పుడు సాయంత్రం పూట మా అమ్మాయి చూపిన కొత్త పద్ధతిని సాధన చేస్తున్నాడు. ఆ పాత కంప్యూటరు మీది గుడ్డ మాత్రం ఇంకా తియ్యలేదు.

మా అమ్మాయి ఫైలును నాలుగు చోట్ల దాచింది. వాటిలో తాళం లేనివే మూడు. ఎన్ని చోట్ల దాచాలో, ఎందుకు దాచాలో వాళ్ళ నానమ్మకు వివరంగా చెప్పింది. ఆవిడ అంతా విని తల వూపి, కొత్త పుస్తకం ఒకటి తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు పక్క దులుపుతూ మా ఆవిడ నన్ను పిలిచి చూపింది. తలగడ కింద ఇప్పుడు రెండు ప్రతులున్నాయి.